పెద్ద కుర్చీ పదిలం!

సెప్టెంబర్ 17 వస్తే చాలు... విలీనమా, విమోచనా అని నేతల జుట్లు నేతలు పట్టుకుంటారు. సూర్యాపేట మూసీ వంతెన ముచ్చట మాత్రం ఎవరూ ఎత్తరు.

1948. హైదరాబాద్‌ను ఏలేది నిజాం. మాట పడేది ప్రధాని మీర్ లాయక్ అలీ. చదివింది ఇంజినీరింగ్!

సెప్టెంబర్ 13న బెజవాడ వైపు నుంచి భారత సేన కదిలింది.
పొద్దున ఎనిమిదిన్నరకల్లా కోదాడ.
మధ్యాహ్నానికి మునగాల.

సూర్యాపేట వదిలి పారిపోతూ నిజాం దళాలు మూసీ వంతెనను పేల్చేశాయి. భళా!
కాపు కాసి కాల్పులు జరపడం మాత్రం మరిచాయి.
వచ్చినవాళ్లు చకచకా బాగుచేసుకుని సాగిపోయారు. అదే మన ఆర్‌ అండ్ బీ అయితే, టెండరు తేలేలోపు యుద్ధమే ముగిసేది.

17న మంత్రివర్గం రాజీనామా.
18న సేనాని ఎల్ ఎద్రూస్ లొంగుబాటు.
ప్రధానికి గృహనిర్బంధం. 1950లో పాకిస్తాన్‌కు పరారీ.

మరి ప్రభువుల వారో?
1950 జనవరి 26 నుంచి రాజ్‌ప్రముఖ్, అంటే రాష్ట్రాధినేత! పైగా ఏటా 50 లక్షల రాజభరణం.

గెలిస్తే రాజుగారి ఘనత, ఓడితే మంత్రిగారి నిర్వాకం.
సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో పదవుల కోసం పడిగాపులు కాస్తున్నవారు గమనించగలరు.