బండి పేరు చెప్పకండి, పాత సామాను చూపించండి

స్పేర్ పార్ట్స్ షాపుకెళ్లి "అన్నా, బైకు ముందు చక్రం బేరింగు ఇవ్వు" అని అడగకండి. బండి పేరు, మోడలు, సంవత్సరం ఏమీ చెప్పొద్దు. పాత బేరింగు ఊడదీసి, గ్రీజు తుడిచి, కౌంటరు మీద పెట్టండి. ఇదేం చాదస్తమని మెకానిక్ అంటాడు. అననివ్వండి.

నా బండి బేరింగు అంచు మీద సన్నగా 6301 అని చెక్కి ఉంటుంది. అంటే లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 37, మందం 12. షాపులో దాని పక్క డబ్బాలోనే 6201 ఉంటుంది. దాని రంధ్రమూ 12 మిల్లీమీటర్లే. ఇరుసు చక్కగా దూరుతుంది, సరిపోయిందనిపిస్తుంది. కానీ బయటి వ్యాసం 32, మందం 10. హబ్బులో పెడితే గలగలలాడుతుంది. ఫోన్‌లో చెప్పి తెప్పించుకున్న రోజు నాకు వచ్చింది అదే. ఆదివారం మధ్యాహ్నం, చక్రం విప్పి ఉంది, షాపు మూసేశారు. ఆ తర్వాత ఏ సామానూ ఫోన్‌లో చెప్పి తెప్పించలేదు.

నంబరు తర్వాత అక్షరాలూ చూడండి. టూ ఆర్‌ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు మూత, జెడ్‌జెడ్ అంటే రేకు మూత. మన వానకీ బురదకీ రబ్బరుదే కావాలని పట్టుబట్టండి. ఆయిల్ సీలు మీదా మూడు అంకెలుంటాయి: లోపలి కొలత, బయటి కొలత, మందం. మరి పాతదే ఎవరో తప్పుగా బిగించి ఉంటే? బిగుతుగా కూర్చుందో లేదో విప్పేటప్పుడే తెలిసిపోతుంది.

బేరం అసలు ఆడొద్దు. కూరగాయల బండి దగ్గర పనికొచ్చే విద్య ఇక్కడ ముంచుతుంది. "ఇంకాస్త తగ్గించన్నా" అనగానే షాపతని చెయ్యి పై అర వదిలి కింది అరకు దిగుతుంది. అట్ట డబ్బా అదే రంగులో ఉంటుంది, లోపల మాలు వేరు. ధర తగ్గించమనే బదులు బిల్లు అడగండి. 28 శాతం ఉన్న విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి దిగింది. ఆ తగ్గింపు ధరలో కలిసిందా అని అడగండి, అది బేరం కిందికి రాదు.

చైను ఒక్కటే సాగినా ముందూ వెనకా పళ్లచక్రాలతో సహా సెట్టు కొనండి. అరిగిన పళ్లు కొత్త చైనును తినేస్తాయి.

కొనడానికి మెకానిక్‌ని పంపకండి, మీరే వెళ్లండి. అతని మజూరీ మాత్రం పైసా తగ్గించకుండా ఇవ్వండి. ఊళ్లో దొరక్కపోతే ఒక్క సీలు కోసమైనా సరే, సగం రోజు సెలవు పెట్టి విజయవాడ ఆటోనగర్‌కో, సికింద్రాబాద్ రాణీగంజ్‌కో వెళ్లండి. ఆ సగం రోజు వృథా అని నేను ఒప్పుకోను.

కొత్తది బిగించాక పాతదాన్ని పారేయకండి. డబ్బాలో వేసి, మూత మీద నంబరు రాసి పెట్టుకోండి.