దాత కావలెను

మన ఊళ్ళల్లో ఏడాదికి నాలుగు కొత్త సంవత్సరాలు. ఉగాది దేవుడికి, జనవరి ఒకటి కేకుల కొట్లకి, ఏప్రిల్ ఒకటి ఆడిటర్లకి, జూలై ఒకటి మా బోటి సేవా క్లబ్బుల వాళ్ళకి. ఆ రోజుతో పాత ప్రెసిడెంటు దిగిపోయి కొత్త ప్రెసిడెంటు ఎక్కుతాడు. దిగినాయన కూడా నిజానికి దిగడు, పాస్ట్ ప్రెసిడెంటు అవుతాడు. ఆ పదవికి కాలపరిమితి లేదు. అందుకే క్లబ్బుకి వయసొచ్చేకొద్దీ వేదిక మీద కుర్చీలు పెరుగుతాయి, కింద కుర్చీలు తగ్గుతాయి. మొన్నటి ప్రమాణ స్వీకారంలో పైకి పిలవాల్సిన వాళ్ళందరినీ పిలిచేశాక కింద మిగిలింది మైకు అబ్బాయి, వంటాయన, నేను. నేను ట్రెజరర్ని. టిఫిను ప్లేట్లు లెక్కపెట్టుకోవాలి.

మా క్లబ్బు గుర్తు సింహమా, చక్రమా అన్నది చెప్పను. చెబితే రెండోవాళ్ళకి కోపం, మొదటివాళ్ళకి ఇంకా కోపం. రెండూ చికాగోలోనే పుట్టాయి. 1905లో పాల్ హారిస్ అనే లాయరు రోటరీని మొదలుపెడితే, 1917లో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్సు వ్యాపారి లయన్స్‌ని మొదలుపెట్టాడు. ఒకరు లాయరు, ఒకరు ఇన్సూరెన్సు. ఎదుటివాడు తన చేత్తోనే తన జేబులోంచి డబ్బు తీసిచ్చేలా చేయడం తెలిసినవాళ్ళు. వందేళ్ళు దాటినా ఆ విద్య మా ఊరి బజార్లో చెక్కుచెదరలేదు.

చందాకి ఒంటరిగా వెళ్ళకూడదు. ఐదారుగురం కలిసి కొట్టు గుమ్మానికి అడ్డంగా నిలబడితే, వచ్చిన బేరాలు వెనక్కి పోతాయన్న భయంతో షావుకారు మా సంగతి త్వరగా తేల్చేస్తాడు. అన్నిటికంటే ముఖ్యం, ఖాళీ పుస్తకం చూపించకూడదు. మొదటి గీత మీద ఎవరు ఎంత రాశారన్నదాన్ని బట్టే తక్కిన పుస్తకమంతా నడుస్తుంది. రైసు మిల్లాయన రూ.10,116 రాస్తే, ఎరువుల కొట్టాయన అందులో సగానికి దిగి రూ.5,116 రాస్తాడు. ఎరువులాయన కంటే తక్కువ రాస్తే పరువు పోతుందని బట్టల కొట్టాయనా అంతే రాస్తాడు. మెడికల్ షాపుకి వచ్చేసరికి రూ.1,116. ఖర్మ కాలి మొదటి గీత మీద హోమియో డాక్టరు గారు రూ.116 రాశారా, ఆ పుస్తకం అటకెక్కించి కొత్తది కొట్టించుకోవడమే.

చందాలు చాలకపోతే సావనీరు వేస్తాం. అందులో వెనక అట్టకి ఒక రేటు, లోపలి అట్టకి ఒక రేటు, అరపేజీకి ఒక రేటు. చదివేవాడు ఉండడు గనక విషయానికి రేటు లేదు. కొందరు డబ్బిచ్చి, ‘మా పేరొద్దండీ, శ్రేయోభిలాషి అని వేసేయండి’ అంటారు. మొదట్లో ఎంత నిరాడంబరులో అనుకునేవాణ్ణి. ట్రెజరరు అయ్యాక తెలిసింది, మా ఊళ్ళో గుప్తదానానికి కారణాలు మూడు: ఇన్‌కంటాక్సు, ఇంటి వాటా అడుగుతున్న తమ్ముడు, పేరు చూడగానే పరుగెత్తుకొచ్చే పక్క క్లబ్బు.

క్లబ్బు లోపలా వసూళ్ళుంటాయి. సింహాల క్లబ్బుల్లో టెయిల్ ట్విస్టర్ అని ఒక పదవి ఉంది. మీటింగులో ఆయన ఎవరికి ఎందుకు జరిమానా వేసినా అప్పీలు లేదు. కోటుకి పిన్ను పెట్టుకోలేదని వేస్తాడు, పేపర్లో ఫొటో పడిందని వేస్తాడు. ఆయనకి జరిమానా వేయాలంటే మాత్రం హాజరైన సభ్యులంతా ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. ఇడ్లీయా ఉప్మాయా అన్నదాని మీదే ఏకగ్రీవం కుదరని చోట అదెక్కడ జరుగుతుంది?

ఈ డబ్బుకి రెండు ఖాతాలు. సభ్యులు కట్టేవి పరిపాలన ఖాతాలోకి, జనం దగ్గర తెచ్చింది సేవా ఖాతాలోకి. జనం సొమ్ములోంచి మీటింగు టీకి కూడా తీయకూడదని రూలు. ఏడాదికోసారి మా డిస్ట్రిక్ట్ గవర్నరు గారు క్లబ్బుని చూసిపోవడానికి వచ్చినప్పుడల్లా ఈ రూలుకి ప్రాణం మీదికొస్తుంది.

‘ట్రెజరరు గారూ, గవర్నరు గారి శాలువా సేవ కింద రాసుకోకూడదటండీ?’ అన్నారు ప్రెసిడెంటు గారు.

‘కుదరదండి.’

‘ఆయన సేవ కోసమే కదా వస్తున్నారు?’

‘శాలువా కోసం వస్తున్నారండి.’

మన పాత రాజులు ఈ విషయంలో గట్టివాళ్ళు. గుడికో అగ్రహారానికో భూమి ఇచ్చి రాతి మీద శాసనం చెక్కించి, కింద ఒక హెచ్చరిక కూడా చెక్కించేవారు: ఈ దానాన్ని కాజేసినవాడు అరవైవేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడని. ఆ ముక్క కాగితం మీద రాసి బీరువా తలుపుకి అంటించాను. అప్పట్నించి శాలువాల ప్రస్తావన తగ్గింది.

ఇక జనం మమ్మల్ని ఆడిపోసుకునేది పేరుపిచ్చికి. నిజమే, కాదనను. కానీ గుళ్ళో ట్యూబులైటు మీద వెలుతురుకి అడ్డమొచ్చేంత పేరు రాయించుకోవడం మన వాళ్ళకి క్లబ్బులు నేర్పలేదు. పైన చెప్పిన రాజులు కూడా హెచ్చరిక ఒక్కటి చెక్కించి ఊరుకోలేదు. ముందు తాతల దగ్గర్నించి తమ బిరుదుల దాకా వరస తప్పకుండా చెక్కించుకుని, ఆ తర్వాతే ఎంత భూమి ఇచ్చారో చెప్పారు. మేం బస్టాండులో సిమెంటు బెంచీ వేయించినప్పుడు దాత పేరు, ఆయన తల్లిదండ్రుల పేర్లు, క్లబ్బు గుర్తు, ప్రెసిడెంటు, సెక్రటరీ అన్నీ వీపు మీద పట్టలేదు. పేర్లు తగ్గించుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు గనక బెంచీ పొడవు పెంచాం. ఇప్పుడక్కడ ఇంకో ఇద్దరు కూర్చుంటున్నారు. వాళ్ళనడిగితే మా పిచ్చి మంచిదే అంటారు.

పేరు వద్దన్నవాళ్ళు లేరా అంటే ఉన్నారు. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు 1909లో పోయేదాకా, వేళ కాని వేళ గడప తొక్కినవాళ్ళకి కూడా అన్నం పెట్టారు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలుపొస్తే వెళ్ళలేదని, పోనీ ఫొటో అయినా ఇమ్మంటే దానికీ ఒప్పుకోలేదని, ఫొటో పంపకపోతే తన ఉద్యోగం పోతుందని అధికారి మొత్తుకుంటే జాలిపడి కూర్చున్నారని గోదావరి జిల్లాల్లో చెప్పుకుంటారు. మా క్లబ్బు వల్ల ఏ ఫొటోగ్రాఫరు ఉద్యోగానికీ ముప్పు రాలేదు.

అయితే సీతమ్మగారు వందేళ్ళకి ఒకరు పుడతారు. కంటి శిబిరం ఏటా పెట్టాలి. దానికి పేరు కావాల్సిన మామూలు మనుషులే దిక్కు. 1925లో అమెరికాలోని సీడార్ పాయింట్ సభలో, అంధులకు అండగా నిలబడమని హెలెన్ కెల్లర్ సింహాల వాళ్ళని అడిగిందట. ఆమె మాట ఖండాలు దాటి మా హైస్కూలు వరండా దాకా వచ్చింది. పొద్దున్నే చుట్టుపక్కల పల్లెల నుంచి ముసలీముతకా దిగుతారు. బీపీ చూస్తారు, షుగరు చూస్తారు. షుగరు ఎక్కువున్న వాళ్ళని మళ్ళీ రమ్మంటే, ‘పొద్దున టీలో వేసుకున్నదేరా నాయనా’ అని బతిమాలతారు. శుక్లం ముదిరిన వాళ్ళకి ఏ కన్నో పొరపాటు పడకుండా ఆ కనుబొమ్మ పైన చిన్న ప్లాస్టరు ముక్క అంటించి, ఆస్పత్రి బస్సెక్కిస్తారు. ఆపరేషనై నల్లకళ్ళద్దాలతో దిగాక మేం పళ్ళు పంచుతాం.

ఓసారి ఒక మామ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ‘ఏం బాబూ, ఆ చివరి ముసలాయనకి రెండు అరటిపళ్ళిచ్చి నాకొకటే ఇచ్చావేం?’

‘ఆ చివరి సంగతి నీకెలా తెలిసింది మామ్మా?’

‘కన్ను బాగుచేయించింది మీరే కదరా!’

ఇంత చెప్పాక, మా క్లబ్బు చరిత్రలో పేరు ఎవరికీ అక్కర్లేకుండా పోయిన ఒకే ఒక్క ప్రాజెక్టు గురించి చెప్పాలి. అది ఫ్రీజరు బాక్సు. మా ఊళ్ళో ప్రతి వీధిలోనూ ఒకరిద్దరు పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. ఇంట్లో పెద్దాయన పోతే కొడుకు వచ్చేదాకా ఆపాలి. ఎండాకాలంలో చేపల మార్కెట్టు నుంచి ఐసు దిమ్మలు తెచ్చి చుట్టూ పేర్చేవాళ్ళు. అవస్థ చూడలేక బాక్సు కొందామని తీర్మానం పెడితే చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ‘దాత పేరు మూత మీద పెద్ద అక్షరాలతో రాయిద్దాం’ అన్నారు ప్రెసిడెంటు గారు. ఫ్యాను చప్పుడు వినిపించింది.

మర్నాడు రైసు మిల్లాయన భార్య ఫోను చేశారు. ‘అన్నయ్య గారూ, బెంచీలకిస్తాం, చలివేంద్రానికిస్తాం. ఆ పెట్టె మీద మాత్రం మీ బావగారి పేరు రాయించకండి. నా మెళ్ళో పుస్తెలున్నాయి.’ మెడికల్ షాపాయన ఇంకో కష్టం చెప్పాడు: ‘నా దగ్గర మందు కొన్నవాడు మూడోనాడు నా పేరున్న పెట్టెలో పడుకుంటే ఊరేమనుకుంటుందండీ?’ ఉత్సాహంగా ముందుకొచ్చింది ఒక ఇన్సూరెన్సు ఏజెంటు. కాకపోతే పేరు పక్కనే ఫోను నంబరు కూడా వేయాలన్నాడు.

చివరికి ఒక రాత్రి రైసు మిల్లాయనే మా ఇంటికొచ్చి, బాక్సు ఖరీదు మొత్తం టేబులు మీద పెట్టాడు. ‘పేరొద్దు. మూడోకంటికి తెలియకూడదు’ అన్నాడు. ఇన్నాళ్ళకి ఒక నిఖార్సయిన గుప్తదానం చూశాననుకుని, దండం పెట్టి రసీదు కూడా చాటుగా రాసిచ్చాను.

బెంచీలైనా రాత్రిపూట ఖాళీగా ఉంటాయేమోగానీ ఆ బాక్సుకి ఎండల్లో తీరిక లేదు. అద్దె లేదు, ఆటో ఖర్చు పెట్టుకుంటే చాలు. అది వెళ్ళిన ప్రతి ఇంటికీ రైసు మిల్లాయనా పరామర్శకి వెళ్తున్నాడు. ఇంటివాళ్ళని ఓదార్చి, బాక్సు మూత మీద చెయ్యి వేసి చూసి, ‘చల్లదనం సరిపోతోందా?’ అని అడుగుతున్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, ‘ఇది ఎవరిచ్చారో తెలుసా?’ అంటున్నాడు.

‘తెలీదండి.’

‘అదీ! తెలియకూడదు. పేరు వద్దన్నాడు మహానుభావుడు.’

ఇప్పుడు ఊరందరికీ తెలుసు.

ఈ ఏడు వైకుంఠ రథం కొనాలని తీర్మానించాం. చందా పుస్తకం అచ్చయింది, మొదటి గీత ఖాళీగా ఉంది. ముందుకొచ్చిన దాత పేరు బండికి నాలుగు వైపులా రాయిస్తాం. పేరు వద్దంటే, వద్దన్నారని రాయిస్తాం.