అడగని అప్పు

జీతం ఆగిన నెలలోనే ఫోను టింగుమంటుంది. "అభినందనలు! మీకు 3 లక్షల పర్సనల్ లోన్ ప్రీ-అప్రూవ్ అయింది." ఉద్యోగం ఊడినవాడికి అభినందనలు చెప్పేవాళ్లు లోకంలో ఇంకెవరున్నారు? చుట్టాలు మొహం చాటేస్తారు, స్నేహితులు ఫోనెత్తరు. అప్పులిచ్చేవాళ్లు మాత్రం అడ్రసు కనుక్కుని మరీ వస్తారు.

దీన్ని పండితులు గిరాకీ పెంచడం అంటారు. జనం చేతిలో డబ్బుల్లేవు, అందుకని ఏమీ కొనడం లేదు. కొనేవాడు లేక కంపెనీలు మూతబడుతున్నాయి. కాబట్టి జనానికి అప్పిచ్చి కొనిపించాలి. ఈ సూత్రంలో కూలి పెంచుదామనే మాట ఎక్కడైనా తగులుతుందేమోనని వెతికాను. తగల్లేదు.

ఈ దయ ఎంత గొప్పదో 2020లో తేలిపోయింది. మార్చిలో దేశానికి తాళం పడింది. ఏప్రిల్-జూన్ మధ్య జీడీపీ 23.9 శాతం పడిపోయిందని ప్రభుత్వమే తొలి అంచనాలో ఒప్పుకుంది. మార్చి 27న రిజర్వు బ్యాంకు కరుణించి మూడు నెలలు ఈఎంఐలు కట్టకపోయినా ఫర్వాలేదంది. తర్వాత ఆ గడువును ఆగస్టు 31 దాకా పొడిగించింది. దాని పేరు మారటోరియం. ఆ పేరు విని చాలామంది మాఫీ అనుకుని దండం పెట్టారు. కిస్తీ ఆగింది గానీ వడ్డీ ఆగలేదు, లాక్‌డౌన్‌లోనూ అది సెలవు పెట్టలేదు. స్టేట్ బ్యాంకు తన ఖాతాదారులకు తానే ఒక ఉదాహరణ వేసి చూపించింది: ఇంకా 15 ఏళ్లు కట్టాల్సిన 30 లక్షల ఇంటి అప్పు మీద మూడు నెలలు ఆగితే అదనంగా పడే వడ్డీ దాదాపు 2.34 లక్షలు, అంటే ఎనిమిది ఈఎంఐలు. మూడు ఎగ్గొట్టిన పాపానికి ఎనిమిది!

వడ్డీ మీద వడ్డీ ఏమిటని కొందరు సుప్రీంకోర్టుకెక్కారు. వ్యవహారం అక్కడ నడుస్తుండగా అక్టోబరులో కేంద్రం కొంగుముడి విప్పింది. 2 కోట్ల లోపు అప్పులకు ఆ ఆరు నెలల చక్రవడ్డీకీ బారువడ్డీకీ మధ్య తేడా తానే భరిస్తానంది. దసరా కానుకగా ఎంత ముట్టిందో చూద్దాం. 8 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ అనుకోండి. ఆరు నెలల బారువడ్డీ 36,000 రూపాయలు. చక్రవడ్డీ అయితే 36,682. ఆ 36,000 మీరు కట్టుకోండి, ఈ 682 మాది! పత్రికల్లో పెద్దక్షరాలతో వచ్చిన ఊరట ఇదే. 2021 మార్చిలో తీర్పిస్తూ కోర్టు వడ్డీ మీద వడ్డీ ఎవరి దగ్గరా వసూలు చెయ్యొద్దంది, మొత్తం వడ్డీ మాఫీ మాత్రం కుదరదంది.

లాక్‌డౌన్ మొదట్లోనే రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, రెండు నెలల్లో 5.15 నుంచి 4 శాతానికి దిగింది. ఈ కబురు ఫిక్స్‌డ్ డిపాజిట్లకు చటుక్కున చేరింది, పింఛను ముసలాళ్ల వడ్డీ తగ్గింది. క్రెడిట్ కార్డు బాకీల మీద నెలకు మూడు, మూడున్నర శాతం లాగేవాళ్ల దాకా మాత్రం ఆ కబురు వెళ్లినట్టు లేదు.

బ్యాంకు గడప ఎక్కలేనివాళ్ల కోసం యాప్‌లు వెలిశాయి. అయిదు నిమిషాల్లో అయిదు వేలు, పూచీకత్తు అక్కర్లేదు. నొక్కితే ప్రాసెసింగ్ ఫీజు పట్టుకుని చేతికి 3,500 వస్తుంది. వారం తిరక్కుండా 5,000 కట్టాలి. అంటే వారానికి నూటికి 43 రూపాయల వడ్డీ. మన ఊళ్లల్లో నెలకు నూటికి అయిదు రూపాయలు తీసుకునేవాణ్ణి జలగ అంటారు, వీళ్లను మాత్రం ఫిన్‌టెక్ అంటారు. జలగను వెనకేసుకురావడం లేదు, 2015లో బెజవాడ కాల్‌మనీ బాగోతం చూసినవాళ్లమే. కానీ "వడ్డీ వ్యాపారి బారినుంచి పేదలను కాపాడుతున్నాం" అని స్టేజీలెక్కి చెప్పుకునేవాళ్లు ఈ 43 పక్కన ఆ అయిదును పెట్టి చూసుకోవద్దూ?

పూచీకత్తు అక్కర్లేదన్నది మాత్రం పచ్చి అబద్ధం. ఫోనులో ఉన్న నంబర్లన్నీ పూచీకత్తే. మేనత్త, గ్యాసు సిలిండర్ కుర్రాడు, చెల్లెలి పెళ్లిచూపులకొచ్చిన వాళ్ల మేనమామ, అందరూ సంతకం పెట్టకుండానే హామీదార్లు. గడువు దాటిన రోజు పొద్దున్నే వాళ్లందరికీ "ఇతను దొంగ" అని ఫొటోతో సహా వాట్సాప్‌లో అందుతుంది. ఆ అవమానంతో తెలంగాణలో కొందరు ప్రాణాలే తీసుకున్నారు. 2020 డిసెంబరులో మన పోలీసులు కాల్ సెంటర్ల మీద పడి అరెస్టులు చేశారు. ఆ నెల్లోనే రిజర్వు బ్యాంకు జనానికి "జాగ్రత్త" అని ఒక ప్రకటన ఇచ్చింది. ఫోనులోని నంబర్ల జోలికి పోవద్దని యాప్‌లకు మార్గదర్శకాలు రావడానికి 2022 సెప్టెంబరు దాకా పట్టింది.

2023 నవంబరులో రిజర్వు బ్యాంకుకు మళ్లీ గుబులు పుట్టింది. తాకట్టు లేని అప్పులు మరీ పెరిగాయని, వాటి రిస్క్ వెయిట్‌ను 100 నుంచి 125 శాతానికి పెంచింది. అంటే అప్పు మునిగినా బ్యాంకు మునగకుండా పక్కన ఎక్కువ సొమ్ము పెట్టుకోవాలి. మంచిదే. తీసుకున్నవాడు మునగకుండా ఎవరు ఏం పక్కన పెట్టాలో ఆ సర్క్యులర్‌లో లేదు.

వాడికి కావలసింది ఆర్థిక అక్షరాస్యత అట. పొదుపు చెయ్యడం రాక అప్పుల పాలవుతున్నాడట, సదస్సులు పెట్టి నేర్పుతారట. సరే, 18,000 జీతగాడికి మాంద్యం పేరు చెప్పి సగం కోశారు. చేతికొచ్చింది 9,000. ఇంటద్దె 6,000. పిల్లాడి బడి ఫీజు 3,500. అయ్యవారు ముందు బోర్డు మీద ఈ తీసివేత చేసి చూపించమనండి.