మౌస్ ముట్టని మహారథులు

నిజామాబాద్‌లో 2023లో ఐటీ హబ్ తెరిచాక ఆదివారాలు బోధన్‌కు ల్యాప్‌టాప్‌తో దిగే పిల్లల్లో కొత్త తెగ ఒకటి పుట్టింది. వీళ్లు చదరంగం ఆడరు. చదరంగం ఆడటానికి ఏర్పాట్లు చేస్తారు. అదీ ఈమ్యాక్స్‌లో! రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో గ్నూ పేరిట విడుదల చేసిన ఆ టెక్స్ట్ ఎడిటర్‌లో ప్రోగ్రాములు రాయొచ్చు, మెయిల్ చూడొచ్చు, టెట్రిస్ ఆడొచ్చు. జాన్ వీగ్లీ మొదలుపెట్టిన చెస్ ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే 1995లో పుట్టిన ఫ్రీ ఇంటర్నెట్ చెస్ సర్వర్‌లోకీ దూరొచ్చు.

చదరంగం ఆడుకునే లీచెస్ యాప్ ఫోన్లోనే ఉచితంగా ఉంది కదరా, ఎందుకీ తిప్పలు అని వాళ్లలో ఒకణ్ని అడిగాను.

"మౌస్ పడితే చెయ్యి కీబోర్డు మీంచి లేస్తది కాకా. టైమ్ వేస్ట్."

అర సెకను మిగుల్చుకోవడానికి ఆదివారాలకు ఆదివారాలు ధారపోసినవాడి మాట ఇది! చదరంగం బల్ల చూపించాడు. అంతా ఇంగ్లిష్ అక్షరాలే. పెద్దవి తెల్లవాళ్లు, చిన్నవి నల్లవాళ్లు.

"ఇండ్ల గుర్రమేదిరా?"

"ఎన్, కాకా. కె రాజు గుంజుకున్నడు."

రాజులన్నాక గుంజుకోక మానరు. బొమ్మలు పెట్టుకునే వీలూ ఉందట గానీ, పెడితే తోటివాళ్లలో పరువు తక్కువట. అసలు లాభం వేరే ఉందని నా అనుమానం: దూరం నుంచి చూసే మేనేజరుకు ఇది అచ్చం కోడ్‌లాగే కనిపిస్తుంది. మొత్తం వ్యవహారంలో నాకు నచ్చిన ఎత్తు అదొక్కటే.

ఈ ఎక్స్‌టెన్షన్‌ను భుజాన మోసినవారిలో ఆస్ట్రియా ప్రోగ్రామర్ మారియో లాంగ్ ఒకరు. ఆయనకు చూపు లేదు. బల్ల అక్షరాలుగా ఉంటే వేళ్ల కింద బ్రెయిలీలో చదువుకోవచ్చు, ఎదుటివాడి ఎత్తును గొంతుతో చెప్పించుకోవచ్చు. ఆయనకు అది దారి. రెండు కళ్లూ నిక్షేపంగా ఉన్న మనవాడికి అది మెడలో నగ.

బోధన్‌లోని శక్కర్‌నగర్ జనానికి ఈ ఏర్పాట్ల తంతు కొత్తేం కాదు. 1937లో అక్కడ పెట్టిన నిజాం షుగర్స్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది మొదలు, ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ "తెరిపిస్తాం, ఏర్పాట్లు జరుగుతున్నయ్" అన్న మాట వింటూనే ఉన్నారు. వాళ్ల ముందు ఈ పిల్లలు ఇంకా ఓనమాల దగ్గరే ఉన్నారు.

అటు హనుమకొండ వైపు చూడండి. చదరంగం గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు ఫిడే రేటింగ్ జాబితాలో 2801కి ఎక్కాడు. ఏ ఎడిటర్ వాడావు నాయనా అని ఒక్కరూ అడిగినట్టు లేదు.

మొన్న మనవాడు ఎట్టకేలకు ఒక ఆట ఆడాడు. పన్నెండెత్తులు తిరక్కుండానే గుర్రం వచ్చి మంత్రిని ఎత్తుకుపోయింది. ఆడలేక మద్దెల ఓడన్న పాత సామెతకు మద్దెల ఒకటే. వీడి దగ్గర మార్చుకోవడానికి వందల సెట్టింగులు!

"డార్క్ థీమ్‌ల చిన్న ఎన్ సరిగ్గ కనవడలే కాకా. గంతే."

రంగు మార్చే పని వచ్చే ఆదివారానికి పెట్టుకున్నాడు.