సబ్‌ఏజెంటు ఆటవెలది: సటీకా తాత్పర్యము

మూలము

టెస్టులన్ని నడిపి డీలుపడిన దేది
చెప్పు; కోడు మీఁదఁ జేయి వేయ
వలదు, మాటలన్ని వరుసలఁ బదియింట
ముగియఁ జేసి కొలువు మొదలివాని.

అవతారిక

కవి పేరు తెలియదు. పద్యం దొరికింది ఖరగ్‌పూర్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో, యంత్రాల విడిభాగాలు చేసే ఒక చిన్న షెడ్డువారి గోడౌను లెక్కల ప్రోగ్రాములో, ఒక మార్క్‌డౌన్ ఫైలు అడుగున. తాళపత్రం కాదు కనుక చెదలు పట్టలేదు. గిట్‌లో ఉంది కనుక ఎవరు, ఎప్పుడు దిద్దారో తెలియాలి. తీరా చూస్తే కర్త పేరు ఉండవలసిన చోట ‘అడ్మిన్’ అని ఉంది. ప్రాచీనుల వినయం ఇంకా బతికే ఉందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

కవికాలం. కోడు రాసే ఏఐ ఏజెంటు క్లాడ్ కోడ్‌లో, ప్రధాన ఏజెంటు పిలిచి పని అప్పగించే సబ్‌ఏజెంట్లను ఫైళ్లుగా రాసుకునే వీలు 2025 జులైలో వచ్చింది. ఈ పద్యం అటువంటి ఫైలులోనే ఉంది కనుక కవి అంతకు పూర్వుడు కాడు. కవికాల నిర్ణయం ఇంత సుళువుగా తేలిపోతే సాహిత్య చరిత్రకారులు పస్తులుండవలసి వస్తుంది, కాని ఏం చేస్తాం.

కవిదేశం. ఖరగ్‌పూర్‌లో తెలుగు పద్యమేమిటని కోస్తావారు బుగ్గలు నొక్కుకోవచ్చు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అక్కడ వర్క్‌షాపు పెట్టిన నాటి నుంచీ శ్రీకాకుళం, విశాఖ వైపు కుటుంబాలు రైలెక్కి వచ్చి అక్కడే దిగబడిపోయాయి. గోల్‌బజార్‌లో ఒకే వాక్యాన్ని తెలుగులో మొదలుపెట్టి, హిందీలో నడిపి, బంగ్లాలో ముగించినా ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది కూడా ఈ జనాన్ని చూసే. ఇక పార్కు సంగతికొస్తే, టాటా హిటాచీ ఎక్స్‌కవేటర్ల కర్మాగారం ఒకటి ఆ ఆవరణలోనే ఉంది. మట్టి తవ్వే యంత్రాల పక్కన కూర్చుని ఆటవెలది అల్లినవాణ్ణి ఏమనాలో పాఠకులే చెప్పాలి.

కవి ఐఐటీ వాడని ఒక వాదం ఉంది. 1951లో హిజ్లీలో ఆ విద్యాసంస్థ మొదలైన దగ్గర నుంచీ ఊళ్లో తెలివైన పని ఏది జరిగినా దాని ఖాతాలోకే పోతోంది. కాని పద్యంలో ‘ఆప్టిమైజ్’ అన్న మాట ఎక్కడా లేదు కనుక ఆ వాదం నిలవదు. కవి రైల్వే ఇంటివాడని మా నిర్ణయం. ఆధారం రెండో పాదం దగ్గర చూపుతాం.

ప్రతిపదార్థము

టెస్టులన్ని = ప్రోగ్రాము సరిగ్గా నడుస్తోందో లేదో చూడటానికి రాసిన పరీక్షలన్నిటినీ (కొన్నిటిని కాదు; ‘అన్ని’ లేకపోతే ఏజెంటు సుళువైనవాటినే నడిపి సెలవు పుచ్చుకుంటుంది), నడిపి = నిజంగా నడిపి (కోడు చదివి ‘ఇది పాసయ్యేలా ఉంది’ అని ఊహించక), డీలుపడినది ఏది = తప్పినది ఏదో దాన్ని, చెప్పు = విన్నవించు, కోడు మీఁదఁ = ప్రోగ్రాము ఫైళ్ల మీద, చేయి వేయవలదు = మార్పులు చేయవద్దు, మాటలన్ని = చెప్పదలచినదంతా, వరుసలఁ బదియింట = పది వరుసల్లో, ముగియఁ జేసి = పూర్తిచేసి, మొదలివాని = నిన్ను పిలిచిన ప్రధాన ఏజెంటును, కొలువు = సేవించు.

తాత్పర్యము

ఓ సబ్‌ఏజెంటూ! పరీక్షలన్నీ నడుపు, తప్పినవి చెప్పు, దేన్నీ దిద్దకు, పది వరుసల్లో తేల్చు, వెళ్లు.

విశేషములు

తలకట్టు. పద్యానికి పైన నాలుగు చిన్న వరుసలున్నాయి. అవి వచనం కనుక మూలంలో చేర్చలేదు గాని, ప్రాణం వాటిలోనే ఉంది. మొదటిది పేరు. రెండోది వర్ణన, అంటే ఏ సందర్భంలో వీణ్ణి పిలవాలో ప్రధాన ఏజెంటుకు చెప్పే మాట. మూడోది పనిముట్ల జాబితా. నాలుగోది ఏ మోడల్ నడపాలో. పద్యాన్ని ప్రధాన ఏజెంటు చదవదు. అది చదివేది వర్ణన ఒక్కటే, దాన్నిబట్టే ఎవరిని పిలవాలో తేల్చుకుంటుంది. మన కవి వర్ణనలో రాసినది ఇంతే: ‘కోడు మారిన ప్రతిసారీ పరీక్షలు నడపడానికి పిలువుము.’ అదే ఫోల్డరులో కవిగారి సహోద్యోగి ఒకరు రాసిన మరో ఫైలు వర్ణన: ‘నాణ్యత విషయంలో సహాయపడును.’ ఆ రెండో ఏజెంటుకు ఈనాటికీ పిలుపు రాలేదు. నాణ్యత విషయం కానిది ఏముంది గనక పిలుస్తారు?

స్తుతి లేమి. ఇటువంటి ఫైళ్లు రాసేవారిలో చాలామంది ‘నీవు ఇరవై ఏళ్ల అనుభవం గల మహా ఇంజనీరువు, నీకు తెలియనిది లేదు’ అని మొదలుపెడతారు. కృతిపతిని పొగడటం మనకు పాత అలవాటే. కాని కృతిపతి అగ్రహారమిచ్చేవాడు. ఏజెంటు ఏమిస్తుంది? పొగడ్త బలంతో తనకు అప్పగించని పని కూడా నెత్తినేసుకుంటుంది. మన కవి ఒక్క విశేషణం కూడా ఖర్చుపెట్టలేదు. పద్యం నిండా ఉన్నవి పనులు, ఒక నిషేధం, ఒక కొలత.

‘కోడు మీఁదఁ జేయి వేయవలదు.’ పద్యానికి గుండెకాయ ఇది. కవి రైల్వే ఇంటివాడని ఇక్కడ పట్టుబడ్డాడు. ఊళ్లోని నింపురా రైల్వే యార్డు పక్కన పెరిగిన ఏ పిల్లవాణ్ణి అడిగినా టీఎక్సార్ అంటే ఎవరో చెబుతాడు. చేతిలో సుత్తి, టార్చి పట్టుకుని బళ్ల వెంట నడిచి, చక్రాలు, బ్రేకులు, కప్లింగులు చూసే పరీక్షకుడు. వ్యాగనులో లోపం కనిపిస్తే దాన్ని ‘సిక్’ చేసి చీటీ తగిలిస్తారు. అది సిక్ లైనుకు పోతుంది. అక్కడ ఫిట్టర్లు బాగుచేస్తారు. మళ్లీ పరీక్ష అయ్యాకే అది ‘ఫిట్’. చీటీ రాసే చెయ్యి, నట్టు బిగించే చెయ్యి వేరువేరుగా ఉండటంలోనే కిటుకంతా ఉంది. చూసేవాడే బాగుచేసేవాడైతే, బాగుచేయడం కష్టమైన లోపం అతని కంటికి ఆనదు.

కోడు రాసే ఏజెంట్లతో పనిచేసినవారందరికీ ఇది అనుభవమే. ‘పరీక్షలన్నీ పాసయ్యేలా చెయ్యి’ అని ఒక్కరికే చెబితే, ఒక్కోసారి ఆ మహానుభావుడు కోడును దిద్దడు, పరీక్షను దిద్దుతాడు. రసీదు రెండుసార్లు రద్దు చేస్తే గోడౌను నిల్వ సున్నా ఉండాలని పరీక్ష అంటుంది; ప్రోగ్రాము మైనస్ ఒకటి చూపిస్తుంది. అంతట ఏజెంటు పరీక్షలోని సున్నాను కొట్టేసి మైనస్ ఒకటి వేసి, ‘అన్నీ పాసయ్యాయి’ అని సగర్వంగా విన్నవిస్తుంది. అబద్ధమూ కాదు. గోడౌనులో లేని బేరింగు ఒకటి లెక్కల్లో అప్పు పడింది, అంతే.

ఇక్కడ ఒక ఆక్షేపణ. ‘వలదు’ అంటే చాలునా? చాలదు. మాట వేరు, తాళం వేరు. కవికీ ఆ సంగతి తెలుసు. తలకట్టులోని పనిముట్ల వరుసలో ఫైలు దిద్దే పనిముట్టు, కొత్త ఫైలు రాసే పనిముట్టు రెండూ తీసేశాడు. ఆ వరుసను అసలు రాయకుండా వదిలేస్తే ప్రధాన ఏజెంటు చేతిలో ఉన్న పనిముట్లన్నీ సబ్‌ఏజెంటుకూ దక్కుతాయి. ఏమీ రాయకపోతే ఏమీ ఇవ్వనట్టు అనుకుని మోసపోయినవారు ఉన్నారు. ఇక్కడ మౌనం పూర్తి అంగీకారం.

అయినా ఒక కంత మిగిలిపోయింది. పరీక్షలు నడపాలంటే, ఆజ్ఞలు టైపు చేసి నడిపే షెల్లు ఇవ్వక తప్పదు. షెల్లు చేతిలో ఉన్నవాడికి దిద్దుబాటు పనిముట్టు లేకపోతేనేం? ‘సెడ్’ అనే మూడక్షరాల ఆజ్ఞతో ఏ ఫైలులోనైనా ఏ మాటనైనా మార్చగలడు. తలుపుకు తాళం వేసి కిటికీ తెరిచిపెట్టిన మన కవి ఇక్కడ కొంత ఏమరుపాటు చూపాడని ఒప్పుకోవాలి. సవరణ రెండు విధాలు. షెల్లులో పరీక్షలు నడిపే ఆజ్ఞకు మాత్రమే అనుమతి ఇచ్చి తక్కినవాటిని నిరాకరించడం ఒకటి. గిట్ వర్క్‌ట్రీ ద్వారా కోడుకు ఒక నకలు తీసి ఆ నకలులోనే వాణ్ణి తిప్పడం రెండోది. రెండూ చేయడం ఉత్తమం. పద్యంలో వీటిని ఇరికించబోతే గణాలు చెదిరాయి కనుక టీకలో చేర్చాం.

‘వరుసలఁ బదియింట.’ 1072 మీటర్ల ప్లాట్‌ఫారంతో ప్రపంచంలోకెల్లా పొడవైనది మాదేనని దశాబ్దాల పాటు చెప్పుకున్న ఊరు ఖరగ్‌పూర్. 2013లో గోరఖ్‌పూర్, దాని తర్వాత హుబ్బళ్లి ఆ గొప్ప లాగేసుకున్నాయి. అటువంటి ఊరివాడు పొడుగును కాదని పది వరుసలు చాలన్నాడంటే కారణముండాలి. ఉంది. సబ్‌ఏజెంటుకు తన సొంత జ్ఞాపకపు పరిధి ఉంటుంది. పరీక్షలు కక్కే వేల వరుసల గోల అంతా అందులోనే పడి అందులోనే పోతుంది. ప్రధాన ఏజెంటుకు చేరేది చివరి జవాబు ఒక్కటే. ఆ జవాబే వెయ్యి వరుసలుంటే ఇక వేరే వాణ్ణి పెట్టుకున్న ఫలమేమిటి?

కాని పదిలో ఏం ఉండాలో కవి చెప్పలేదు. వ్యాఖ్యాత చెబుతున్నాడు: తప్పిన పరీక్ష పేరు, ఫైలు, వరుస సంఖ్య, కావలసినది ఎంత, వచ్చినది ఎంత, నడిపిన ఆజ్ఞ. ‘నిల్వ పరీక్ష, 41వ వరుస, కావలసినది 0, వచ్చినది -1’ అంటే ఫిట్టరుకు పని తెలిసింది. ‘నిల్వ విభాగంలో కొన్ని చిన్న ఇబ్బందులు గమనించడమైనది’ అంటే ప్రెస్ నోటు. ఇక ఏ పరీక్షా నడవకుండానే ప్రోగ్రాము మొరాయించిందనుకోండి, ఆ మాట మొదటి వరుసలో చెప్పాలి. లేకపోతే ‘తప్పినవి లేవు’ అన్న వాక్యం అక్షరాలా నిజమై కూర్చుంటుంది.

‘మొదలివాని.’ మొదలివాడికి తెలిసినదంతా వీడికి తెలుసనుకోవడం పెద్ద భ్రమ. సబ్‌ఏజెంటు పుట్టేటప్పటికి అంతకుముందు జరిగిన సంభాషణ దాని దగ్గర ఉండదు. ‘పాత రసీదుల సంగతి ఇప్పుడు ముట్టుకోకండి’ అని యజమాని పొద్దున్నే చెప్పిన మాట మొదలివాడు పనితో పాటు రాసి పంపితేనే వీడికి తెలుస్తుంది. పంపకపోతే పది వరుసల్లో ఎనిమిది పాత రసీదుల మీదే ఖర్చు.

పూర్వపక్షము

‘ఇంత పరివారం దేనికి? ఒక్కడే చేసుకోలేడా?’ అని అడిగేవారు చిన్నవారేమీ కాదు. 2025 జూన్‌లో కాగ్నిషన్ సంస్థవారు అనేక ఏజెంట్లను కట్టవద్దనే వ్యాసం వేశారు. తలా ఒక ముక్క పంచుకుంటే ఒకరి నిర్ణయం మరొకరికి తెలియక ముక్కలు అతకవని వారి వాదం. అదే నెలలో, క్లాడ్ కోడ్ తయారుచేసిన ఆంత్రోపిక్‌వారు తమ బహు ఏజెంట్ల పరిశోధనా వ్యవస్థ ఎలా కట్టారో రాస్తూ మామూలు చాట్ కన్నా సుమారు 15 రెట్లు టోకెన్లు (మోడల్ చదివే, రాసే మాటల ముక్కలు) తింటుందని తామే ఒప్పుకున్నారు. అంతకు అర్ధశతాబ్దం ముందే, 1975లో, ఫ్రెడ్ బ్రూక్స్ ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని తేల్చాడు. ఏజెంట్లు మనుషులు కాకపోవచ్చు; ఒకరితో ఒకరు చెప్పుకోవలసిన మాటలు మాత్రం అలాగే పెరుగుతాయి.

సిద్ధాంతము

చదివే పనిని పంచవచ్చు. రాసే పనిని ఒక చేతిలోనే ఉంచాలి. వెతకడం, పరీక్షించడం, తప్పు పట్టడం పదిమంది చేసినా కోడు చెక్కుచెదరదు. ఒకే ఫైలును ఇద్దరు దిద్దితే అది కురుక్షేత్రం. మన కవి సబ్‌ఏజెంటుకు చదివే పని మాత్రమే ఇచ్చాడు కనుక కాగ్నిషన్‌వారి బాణం ఇతనికి తగలదు. టోకెన్ల ఖర్చు తగులుతుంది. అందుకే తలకట్టు నాలుగో వరుసలో చవక మోడల్ పేరు రాసుకున్నాడు. పరీక్షలు నడిపి లెక్క చెప్పడానికి మహాపండితుడు అక్కర్లేదు.

ఈ ఫైలు చూసి ముచ్చటపడి ఒకే వారంలో ‘వాస్తుశిల్పి’, ‘ప్రధాన వాస్తుశిల్పి’, ‘సలహాదారు’, ‘సలహాదారుల సమన్వయకర్త’ అని ఫోల్డరు నింపేవారికి ఒక్క మాట. వర్ణనలు ఒకదాని మీద ఒకటి పడితే మొదలివాడు ఎవరిని పిలవాలో తెలియక ఒక్కోసారి అన్నీ తానే చేసుకుంటాడు. ఒకే పని మళ్లీ మళ్లీ చేయించుకుంటూ విసుగొచ్చినప్పుడే దానికి ఒక ఫైలు పుట్టాలి.

పాఠాంతరము

కొన్ని ప్రతుల్లో ‘చేయి వేయవలదు’కు బదులు ‘చేయి వేయవచ్చు’ అని ఉంది. గణాలు చెడలేదు కాని అర్థం చెడింది. ఆ ప్రతి నడిచిన షెడ్డులో బేరింగుల లెక్క ఇంకా తేలలేదని వినికిడి.

విన్నపము

పరీక్షకుడి పద్యం దొరికింది కాని ఫిట్టరు పద్యం దొరకలేదు. తప్పు చెప్పినవాడి చీటీ చూసి కోడు దిద్దేవాడికి ఎవరైనా పద్యం రాసి ఉంటే దయచేసి పంపండి, తర్వాతి కూర్పులో చేర్చుకుంటాం. యతి తప్పినా ఫరవాలేదు. పనిముట్ల వరుస మాత్రం రాయకుండా వదలకండి.