రండి నాయనా, ఇది మీ ఇల్లే!

కౌన్సెలింగ్ ముగిసి సీట్లు నిండగానే మన కాలేజీలన్నీ కుటుంబాలైపోతాయి. ఓరియెంటేషన్ డే నాడు ఛైర్మన్ గారు మైకు పుచ్చుకుని, "ఈ రోజు నుంచి మీరంతా మా ఫ్యామిలీ" అంటారు. వెనక వరుసలో ఓ తండ్రి కళ్ళు తుడుచుకుంటాడు. పొద్దున్నే బిల్డింగ్ ఫండు కట్టొచ్చిన కళ్ళవి, పాపం.

కొత్త పిల్లలు కొత్త చోట కుదురుకోవాలని, మాస్టార్లతో చనువు పెరగాలని యూజీసీ 2019లో 'దీక్షారంభ్' అనే మార్గదర్శిని తెచ్చింది. చక్కటి ఉద్దేశం. మనవాళ్ళు అందులోంచి టీషర్టునూ గ్రూపు ఫొటోనూ ఏరుకుని, మిగతాది బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఇక కాపురం సంగతి. ఇంటి బిడ్డే గానీ మెడలో ఐడీ కార్డు లేకపోతే గేటు దాటనివ్వరు. లైబ్రరీ రాత్రి తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది, ఆడపిల్లల హాస్టలు గేటు మాత్రం ఆరున్నరకే మూత. మగపిల్లాడు అర్ధరాత్రి గోడ దూకొస్తే "వయసలాంటిది" అని వార్డెన్ గారు నవ్వేస్తారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల డౌటు అడగబోతే "ఇంగ్లిష్‌లో చెప్పమ్మా" అంటారు. ఆపైన ఆ పిల్లకు నాలుగేళ్ళూ డౌట్లే రావు. సీనియర్లు "ర్యాంకెంత?" అని ఆరా తీసేది ర్యాంకు కోసం కాదని అడిగేవాళ్ళకీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు. కుటుంబం కదా, కులగోత్రాలు కనుక్కోవద్దూ!

2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టళ్ళ నుంచి గెంటేసిన ఐదుగురు పరిశోధక విద్యార్థులు క్యాంపస్‌లోనే గుడారం వేసుకుని, దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. వాళ్ళలో ఒకడైన రోహిత్ వేముల ఆ నెల 17న ప్రాణం తీసుకున్నాడు. ఆ ఏడాది కూడా ఓరియెంటేషన్లు యథావిధిగా జరిగాయి, ఫ్యామిలీ మాట ఒక్కటీ తగ్గలేదు.

అసలు బంధుత్వం తేలేది కోర్సు అయిపోయాక. నో డ్యూస్ కాగితం పట్టుకుని లైబ్రరీకి, ల్యాబుకి, హాస్టలుకి తిరగాలి. పుట్టి బుద్ధెరిగి బంతి ముట్టనివాడు కూడా పీడీ సారు సంతకం కోసం గ్రౌండు చుట్టూ వెతకాలి. ఆఖరి కిటికీ దగ్గర క్లర్కు తల ఎత్తకుండానే అంటాడు: "రీయింబర్స్‌మెంట్ పడలేదమ్మా. డబ్బు కట్టి సర్టిఫికెట్లు పట్టుకెళ్ళు." బాకీ పడింది సర్కారు, తాకట్టులో ఉన్నది పిల్ల మార్కుల జాబితా. ఛైర్మన్ గారిని కలుద్దామంటే మీటింగులో ఉంటారు. ఏ మీటింగంటారా, కొత్త బ్యాచ్ ఓరియెంటేషనే.

ఏ సాకుతోనూ ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. తల్లిదండ్రులారా, ఈసారి ఆ కిటికీ దగ్గరికి దాని ప్రింటు పట్టుకెళ్ళండి. ఒక్కరే వెళ్ళకండి, పదిమంది కలిసి వెళ్ళండి.