డబ్బా పలకని పూట

ఫోన్‌లో పైసలు పంపించే కంపెనీలు ఎందుకింత గెలిచాయని అడగండి. కోటు తొడుక్కున్న పెద్దమనిషి ఎవరైనా ఒకటే మంత్రం చదువుతాడు: కస్టమర్ ఎక్స్‌పీరియన్స్. రెప్పపాటులో పనైపోతుందట, వాడేవాడికి చీకూచింతా ఉండదట. ఆయన్ని ఓ పొద్దున ఎనిమిదింటికి అశోక్‌నగర్ తీసుకొచ్చి, సిటీ సెంట్రల్ లైబ్రరీ దారిలో ఏదో ఒక చాయ్ బండి దగ్గర నిలబెట్టాలని నా కోరిక.

మొన్న నేను నిలబడ్డాను. నా ముందు గ్రూప్స్ చదివే కుర్రాడు, చంకలో ఇండియన్ పాలిటీ. స్కాన్ చేశాడు, పిన్ కొట్టాడు. తెర మీద చక్రం తిరుగుతోంది. ఖాతాలోంచి పదిహేను పోయినట్టు మెసేజ్ వచ్చింది. పైసలు పడగానే పలకాల్సిన బండి మీది డబ్బా మాత్రం మూగనోము పట్టింది.

"పడలే తమ్మీ."

"కటైనయ్ అన్నా, చూడు."

"సరే తియ్. పడితే పడ్తయ్, లేకుంటే రేపియ్యి."

అర నిమిషం కాలేదు, ఫిర్యాదు పరిష్కారమైపోయింది. టికెట్ నంబరు లేదు, 'మీ కాల్ మాకెంతో ముఖ్యం' అంటూ సంగీతం లేదు. ఈ అర నిమిషాన్నే కంపెనీవాళ్లు తమ ఖాతాలో జమ వేసుకుని కస్టమర్ ఎక్స్‌పీరియన్స్ అని పేరు పెట్టుకుంటున్నారు.

అసలు వాళ్ల చేతి వంట ఎలా ఉంటుందో నేనూ రుచి చూశాను. నారాయణగూడలో మందుల షాపుకు కట్టిన 640 రూపాయలు త్రిశంకు స్వర్గంలో వేలాడుతుంటే యాప్‌లో చాట్‌కు దిగాను. అవతల బాట్. గోడు వెళ్లబోసుకున్నాను. "మీరు పర్సనల్ లోన్ గురించి అడుగుతున్నారా?" అంది. కాదు తల్లీ అన్నాను. "మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అంది. పోతూపోతూ గీకమని ఓ కార్డిచ్చింది. గీకాను. చెప్పుల మీద డిస్కౌంట్.

రూలు లేదా అంటే, భేషుగ్గా ఉంది. దుకాణానికి యూపీఐలో కట్టిన సొమ్ము మన ఖాతాలో కోతపడి, అవతలికి ఖరారు అందకపోతే ఐదు రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలి. అది దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం, అదీ మనం అడక్కుండానే ఇవ్వాలి. 2019 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు రాసిపెట్టింది. కుర్రాణ్ని అడిగితే "టీ ప్లస్ ఫైవ్ సార్" అని ఠక్కున చెప్పాడు. కరెంట్ అఫైర్స్ బిట్టుగా బట్టీ పట్టాడట. ఆ వంద ఎప్పుడైనా కళ్లజూశావా అంటే, సిలబస్‌లో లేనిది అడిగినట్టు చూశాడు.

డబ్బాను తిట్టను. పిండి చేతులతో ఫోను ముట్టకుండా పైసలు పడ్డాయో లేదో తెలియడం చిన్న సుఖం కాదు. కాకపోతే చాలాచోట్ల దానికి నెలనెలా అద్దె కట్టేది కూడా బండాయనే. నోరు దానిది, పూచీ ఈయనది.

2025 ఏప్రిల్ 12న, శనివారం, యూపీఐ దేశమంతటా మొరాయించింది. అలాంటి పూట చిక్కడపల్లి మార్కెట్లో సొరకాయ పట్టుకుని దిక్కులు చూసేవాణ్ని ఇంటికి పంపించేది ఏ సర్వరూ కాదు, "రేపియ్యి బిడ్డా" అనే కూరగాయల అవ్వ.

అశోక్‌నగర్‌లో డబ్బా పలకని ఆ పూటకు మర్నాడు మళ్లీ ఆ చాయ్ బండి దగ్గరికే వెళ్లాను. కుర్రాడు నిన్నటి బాకీకి ఇరవై నోటు చాపాడు. సరిగ్గా అప్పుడే డబ్బా గొంతెత్తింది: పదిహేను రూపాయలు వచ్చాయట. నిన్నటివో, ఇప్పుడే పక్కన ఇంకెవరో కొట్టినవో ఇద్దరికీ తెలియదు. బండాయన ఒక్క క్షణం డబ్బా వంక చూసి, నోటు వెనక్కిచ్చేసి, గ్లాసు కడగడం మొదలుపెట్టాడు.